పాత ఫజ్, కొత్త ఫజ్ – ఒక గరగర చరిత్ర

కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగువాళ్ళం జూలై నెలలో పిక్నిక్ పెట్టుకున్నాం. మాది టెక్సస్. ఇక్కడ జూలైలో పిక్నిక్ అనేది ఎవరికి వచ్చిన ఆలోచనో గాని, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎండ నూరు డిగ్రీలు దాటింది. పులిహోర, పెరుగన్నం అయ్యాక పిల్లల పాటల కార్యక్రమం మొదలయింది. పిల్లలంటే మరీ పిల్లలు కాదు, ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. మా అబ్బాయి, వాడి స్నేహితుడు గిటార్లు పట్టుకున్నారు. మావాడి కాలి దగ్గర గుండ్రటి బూడిదరంగు పెట్టె ఒకటి ఉంది. దానికి రెండు నాబులు, ఒక కాలిమీట. చూడ్డానికి బొమ్మ మొహంలా ఉంటుంది. 1960లలో ఇంగ్లండులో తయారైన ‘ఫజ్ ఫేస్’ అది. మావాడు మొదటి ఏడాది జీతంలో మిగిల్చినదంతా పెట్టి కొన్నాడు. దాని ఖరీదు ఈ దేశంలో నేను కొన్న మొదటి కారు ఖరీదు కంటే ఎక్కువని మాత్రం చెప్పగలను.

రెండో పాట సగంలో ఆ పెట్టె గొంతు పోయింది. తీగ మీటితే గరగరమని ఒక ముక్క వినిపించి తెగిపోతోంది. పక్కన స్నేహితుడి కాలికింద అదే ఆకారంలో నీలి ఆకుపచ్చ రంగు పెట్టె, ఈ మధ్య దుకాణంలో కొన్నది, ఏ బాధా లేకుండా మోగుతోంది. మావాడు ఏమాత్రం కంగారు పడలేదు. పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మంచుగడ్డలున్న కూలర్‌లో మజ్జిగ సీసాల మధ్య పెట్టాడు. పది నిమిషాల తర్వాత తీస్తే మళ్ళీ పాడింది. “ఏం నాయనా, దానికి కూడా మజ్జిగ తాగించావా?” అని ఒక పెద్దాయన అడిగితే అందరం నవ్వాం.

ఇంటికొచ్చాక మాత్రం వాదన జరిగింది. నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాణ్ణి. ఆ పెట్టెలో ఉండేవి రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబులు. మొత్తం పదకొండు భాగాలు. సర్క్యూటు అందరికీ తెలిసిందే, రహస్యం ఏమీ లేదు. అదే పదకొండు భాగాలు కొత్తగా కొని అతికిస్తే అదే ధ్వని రావాలి గదా, దానికింత డబ్బా అన్నాను. “నాన్నా, నువ్వు లెక్కలు చెప్పకు. ముందు విను” అన్నాడు. విన్నాను. తేడా ఉంది. ఆ తేడా ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కుంటూ పోతే దొరికిన చరిత్ర ఇది.

గిటారు తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. తీగ కంపించినప్పుడు గిటారులో పుట్టే విద్యుత్తు చాలా బలహీనమైనది, వోల్టులో చిన్న వంతు. దాన్ని ట్రాన్సిస్టర్ పెంచుతుంది. కాని 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే పెట్టెలో ఆ అల 9 వోల్టులకు మించి ఎదగలేదు. కుంచం నిండాక పైన ఉన్న గింజలను చేత్తో తోసి చదును చేసినట్టు అల నెత్తి తెగిపోతుంది. తెగినచోట కొత్త అనుస్వరాలు పుడతాయి. అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, అయిదింతలు వేగంతో కంపించేవి. అవన్నీ కలిసి చెవికి గరగరగా వినిపిస్తాయి. అదే ఫజ్. నెత్తి నిట్టనిలువుగా తెగితే ధ్వని పదునుగా ఉంటుంది, వాలుగా తెగితే మెత్తగా ఉంటుంది. తంబూరా మెట్టు మీద తీగ కింద నూలుపోగు సర్ది ‘జీవ’ పట్టేవాళ్ళు కూడా అనుస్వరాలను పలికించడానికే ఆ పని చేస్తారు. దారి వేరు, చెవికి కావలసింది మాత్రం దగ్గరదగ్గరగా ఒకటే.

ఈ గరగర ఎవరో కూర్చుని కనిపెట్టింది కాదు. చెడిపోయిన యంత్రం ఇచ్చిన వరం. 1951లో మెంఫిస్‌లో ‘రాకెట్ 88’ అనే పాట రికార్డు చేసేటప్పుడు గిటారు వాయించిన విలీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దెబ్బతిని ఉంది. స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే వాయించాడట. 1958లో లింక్ రే ‘రంబుల్’ కోసం స్పీకరు కాగితానికి కావాలనే చిల్లులు పొడిచాడు. అసలు మలుపు మాత్రం నాష్‌విల్‌లో, బ్రాడ్లీ సోదరుల స్టూడియోలో వచ్చింది. మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వరీ’ రికార్డవుతోంది. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ గిటారు వాయిస్తున్నాడు. అది వెళ్ళే మిక్సర్ చానెల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పాడయింది. తీయని పాట మధ్యలో ఒక్కసారిగా బొంగురు శబ్దం. తీసేద్దామా ఉంచుదామా అని తర్జనభర్జన పడి ఉంచేశారు. 1961లో ఆ పాట కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది.

ఇక్కడే నాకు నచ్చిన ఘట్టం ఉంది. ఆ ధ్వని మాకూ కావాలని ఇతర సంగీతజ్ఞులు అడగడం మొదలుపెట్టారు. అప్పటికి ఆ పాడయిన చానెల్ పూర్తిగా చచ్చిపోయింది. అందుకని అక్కడి రికార్డింగ్ ఇంజనీర్ గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే మరో ఇంజనీర్‌తో కలిసి, ఆ చెడిపోయిన తీరును ట్రాన్సిస్టర్లతో అనుకరించే పెట్టె తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ ఆ డిజైన్ తీసుకుని 1962లో ‘మాయెస్ట్రో ఫజ్‌టోన్’ పేరుతో అమ్మింది. అంటే, ఈ రోజు అందరూ అసలైనది అని తలకెత్తుకునే తొలి ఫజ్ పెట్టె కూడా నకలే. చచ్చిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు నకలు!

గిబ్సన్ వాళ్ళు దాన్ని గిటారుతో ట్రంపెట్‌లా, ట్యూబాలా, చెల్లోలా పలికించే సాధనంగా ప్రచారం చేశారు. దుకాణాలవాళ్ళు తెచ్చిపెట్టుకున్నారు గాని జనం కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ వచ్చాకే దాని దశ తిరిగింది. విచిత్రం ఏమిటంటే, కీత్ రిచర్డ్స్ ఆ పాట మొదట్లో వచ్చే గిటారు ముక్కను పెట్టెతో వాయించింది, తర్వాత ఇత్తడి బాకాలు ఎలా వాయించాలో చూపించే చిత్తుప్రతిగా మాత్రమే. బాకాలు రాలేదు, చిత్తుప్రతే విడుదలయింది. ఆ ఏడాది ముగిసేలోపు దుకాణాల్లో మాయెస్ట్రో పెట్టెలు మిగల్లేదు.

లండన్‌లో అదే సంవత్సరం గ్యారీ హర్స్ట్ అనే యువకుడు ‘టోన్ బెండర్’ తయారుచేశాడు. మాయెస్ట్రో ధ్వని త్వరగా ఆరిపోతోందని, ఇంకాసేపు నిలిచేది కావాలని అక్కడి గిటారిస్టులు అడగడమే దానికి కారణం. 1966లో టోన్ బెండర్ రెండు ట్రాన్సిస్టర్ల రూపం ఒకటి వచ్చింది. ఆ ఏడాదే ఐవర్ ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్‌ను తెచ్చింది. గుండ్రటి ఆకారం మైకు స్టాండు అడుగుభాగం చూసి వచ్చిన ఆలోచనట. మూత తీసి చూస్తే లోపలి సర్క్యూటు ఆ టోన్ బెండర్‌దే, దాదాపు మక్కీకి మక్కీ. నకలుకు నకలు అన్నమాట. కొద్ది నెలల్లోనే అది జిమీ హెండ్రిక్స్ కాలికిందికి చేరింది. 1967 నాటి ‘పర్పుల్ హేజ్’ విన్నవారికి ఆ పెట్టె సంగతి వేరే చెప్పక్కరలేదు.

ఇక తేడా సంగతి. తొలి ఫజ్ ఫేస్‌లలో వాడినవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు. ఇంగ్లండులోని న్యూమార్కెట్ కంపెనీ చేసిన ఎన్‌కెటి 275 వాటిలో పేరుపొందింది. ఎసి 128 కూడా వాడారు. ఈ ఎసి 128 పేరు చదవగానే నాకు మా నాన్నగారి రేడియో గుర్తుకొచ్చింది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఆ నంబరు ట్రాన్సిస్టర్లు తయారుచేసేవారు. అప్పటి మన రేడియోల్లో స్పీకరును మోగించే పని తరచు వాటిదే. వివిధభారతి పాటలు మోసుకొచ్చిన జాతి సరుకే హెండ్రిక్స్ కాలికిందా పనిచేసిందన్నమాట. మనవాళ్ళు రేడియోనే ‘ట్రాన్సిస్టర్’ అని పిలిచిన రోజులవి.

జర్మేనియానికి ఒక జబ్బుంది. వేడి తగిలితే కారుతుంది. కారడమంటే, మూసి ఉంచినా కుళాయి నుంచి నీళ్ళు జారినట్టు, ఆపినా కొంత కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. ఉష్ణోగ్రత పది సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఆ కారే కరెంటు సుమారు రెండింతలవుతుంది. ఫజ్ ఫేస్‌లో రెండో ట్రాన్సిస్టర్ దగ్గర వోల్టేజి బ్యాటరీలో సగం, అంటే 4.5 వోల్టుల చుట్టుపక్కల ఉంటే అల పైనా కిందా సరిగ్గా తెగుతుంది. కారడం పెరిగితే ఆ తూకం చెడుతుంది. మా పిక్నిక్‌లో జరిగింది అదే. మజ్జిగ సీసాల వైద్యం హాస్యానికి చేసింది కాదు, శాస్త్రీయమైనదే.

అంతకంటే పెద్ద సమస్య, ఏ రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లూ ఒకలాగా ఉండకపోవడం. ఒకే డబ్బాలో, ఒకే నంబరు ముద్రతో వచ్చినవాటిలో ఒకటి కరెంటును యాభై రెట్లు పెంచితే ఇంకొకటి నూటయాభై రెట్లు పెంచేది. ఈ సర్క్యూటుకు మొదటిది డెబ్భై ఎనభై, రెండోది నూటపది నూటముప్ఫై మధ్య ఉంటే బాగుంటుందని తర్వాతివాళ్ళు కొలిచి తేల్చారు. ఆ రోజుల్లో అలా ఏరికూర్చే ఓపిక కర్మాగారాల్లో లేదు. చేతికందినవి అతికించి పెట్టె మూసేవారు. రెసిస్టర్లు కూడా ముద్రించిన విలువకు పది ఇరవై శాతం అటూఇటూ ఉండేవి. అందువల్ల ఒకే రోజు, ఒకే బల్ల మీద తయారైన రెండు పెట్టెల్లో ఒకటి అమృతంలా, ఇంకొకటి జలుబు చేసినట్టు పలికేది. కొన్నవాళ్ళు నాలుగైదు వాయించి చూసి ఒకటి ఎంచుకునేవారు. బాగున్నవాటిని దాచుకున్నారు, బాగులేనివి చెత్తబుట్టలోకి పోయాయి. యాభై ఏళ్ళ తర్వాత మన ముందుకొచ్చి ‘పాతవన్నీ బాగుంటాయి’ అని సాక్ష్యమిస్తున్నవి ఆ ఏరివేతలో మిగిలినవి. మా తాతల కాలంలో బియ్యం రుచే వేరనేవాళ్ళ మాటల్లో కూడా ఈ లెక్క కొంత ఉంటుందని నా అనుమానం.

1960ల చివరికి సిలికాన్ ట్రాన్సిస్టర్లు చవకయ్యాయి. ఫజ్ ఫేస్‌లోకి బిసి 108, బిసి 183 వంటివి వచ్చాయి. వీటికి ఎండ పట్టదు, కారడం దాదాపు ఉండదు. పెంచే శక్తి చాలా ఎక్కువ. ధ్వని పదునుగా, మిరుమిట్లుగా ఉంటుంది. ఒక్కోసారి దగ్గర్లోని రేడియో స్టేషన్‌ను కూడా పట్టుకుని స్పీకర్లో వార్తలు చదువుతుంది. హెండ్రిక్స్ చివరి రెండేళ్ళలో ఇలాంటివీ వాడాడు. కాబట్టి ‘పాత ఫజ్ ఫేస్ ధ్వని’ అన్నప్పుడు ఏ పాతది అని అడగవలసి వస్తుంది. 1967 నాటి వినికిడి వేరు, 1970 నాటిది వేరు. పేరు, పెట్టె మాత్రం ఒకటే.

1990లలో ఫజ్ ఫేస్ పేరు కాలిఫోర్నియాలోని డన్‌లప్ కంపెనీ చేతికొచ్చింది. పునర్ముద్రణలు అప్పటినుంచి ఒక వరసలో వస్తున్నాయి. హెండ్రిక్స్ పేరుతో వాళ్ళు అమ్మే నీలి ఆకుపచ్చ పెట్టె 1969–70 నాటి సిలికాన్ రకానికి నకలు, అందులో బిసి 108లు ఉంటాయి. పిక్నిక్‌లో స్నేహితుడి కాలికింద ఉన్నది అదే. మావాడి బూడిదరంగు జర్మేనియం పెట్టెకు అది నకలే కాదు! మేం ఇంట్లో పోట్లాడుకున్నది వరికీ జొన్నకీ మధ్య పోలిక పెట్టి. ఆ సంగతి తెలిశాక నా వాదన సగం, వాడి వాదన సగం పడిపోయాయి.

జర్మేనియంతో చేసే పునర్ముద్రణలు వేరే ఉన్నాయి. వాటికున్న చిక్కు వేరు. ప్రపంచమంతా సిలికాన్‌కు మారిపోయాక జర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ దాదాపు ఆగిపోయింది. గోదాముల్లో మిగిలిన పాత సరుకును వెతికి, ఒక్కొక్కటే కొలిచి, జతలు కూర్చి వాడాలి. అంటే 1966లో ఎవరూ చేయని పనిని ఇప్పటివాళ్ళు చేస్తున్నారు. అందుకే మంచి పునర్ముద్రణలు ఒకదానితో ఒకటి బాగా పోలి ఉంటాయి. పాతవాటిలో అది దొరకదు. రెసిస్టర్ కార్బన్‌తో చేసిందా, లోహపు పొరతో చేసిందా అని కొందరు గంటలు గంటలు వాదించుకుంటారు. నా చెవికి, నా మీటరుకు ఆ తేడా ఎప్పుడూ అందలేదు. ట్రాన్సిస్టర్ల జతా, కెపాసిటర్ల విలువలూ కుదిరితే పని ముప్పాతిక అయినట్టే.

కెపాసిటర్ల విలువలు ఎంత మారుస్తాయో చూడాలంటే న్యూయార్కులో పుట్టిన ‘బిగ్ మఫ్’ ఉంది. 1969లో ఎలక్ట్రో హార్మోనిక్స్ కంపెనీ పెట్టిన మైక్ మాథ్యూస్, బాబ్ మయర్ దాన్ని తెచ్చారు. నాలుగు సిలికాన్ ట్రాన్సిస్టర్లు, నునుపైన, ఆగకుండా సాగే ధ్వని. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మర్ చేతిలో అది పాడిందంటే అతిశయోక్తి కాదు. ఇక్కడ జర్మేనియం బెడద లేదు గదా, పాతవన్నీ ఒకేలా ఉండాలి గదా అనుకుంటాం. కాని ఆ వారం ఏ భాగాలు చవకగా దొరికితే అవి వాడేవారు. ఒకే పేరుతో వచ్చిన పెట్టెల్లో లోపలి విలువలు అనేక రకాలుగా కనిపిస్తాయి. కంపెనీ 1980లలో మూతపడింది. మాథ్యూస్ రష్యా వెళ్ళి 1990లలో అక్కడ బిగ్ మఫ్ చేయించాడు. అవి మందంగా, బరువుగా పలికేవి. 2000లో న్యూయార్కు పేరుతో పునర్ముద్రణ వచ్చినప్పుడు చాలామంది ఇది మా మఫ్ కాదన్నారు. ‘మా మఫ్’ అన్నప్పుడు ఒకడి మనసులో 1971 నాటిది, ఒకడి మనసులో 1975 నాటిది, ఇంకొకడి మనసులో రష్యన్ది. చివరికి 2017 నుంచి ఆ కంపెనీయే ఒక్కో కాలపు మఫ్‌కు ఒక్కో చిన్న నకలు విడిగా తేవడం మొదలుపెట్టింది. తెలివైన పని. అన్ని దెబ్బలాటల నుంచీ ఆదాయమే.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. ఆ డిసెంబరులో మావాడు ఇంకో స్నేహితుడి దగ్గర జర్మేనియం పునర్ముద్రణ ఒకటి అరువు తెచ్చాడు. ఇప్పుడు వరికి వరే పోటీ. న్యాయనిర్ణేతగా మా ఆవిడను కూర్చోబెట్టాం. ఆమె పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి, గిటారు గరగర అంటే తలనొప్పి. గోడవైపు తిరిగి కూర్చుని వింది. నాబులన్నీ నిండా తిప్పి వాయించినప్పుడు “రెండూ ఒకటే గోల” అంది. మావాడు గిటారు మీది వాల్యూం తగ్గించి అదే ముక్క వాయించాడు. జర్మేనియం ఫజ్ ఫేస్ గొప్పదనమంతా అక్కడే ఉంది. ఆ పెట్టె గిటారు పికప్‌తో నేరుగా ముడిపడి ఉంటుంది కనుక, వాల్యూం కాస్త తగ్గిస్తే గరగర విడిపోయి తీగ అసలు గొంతు గంటలా వినిపిస్తుంది. “ఇది బాగుంది. నిండుగా ఉంది. రెండోది కాస్త పీలగా ఉంది” అంది. నిండుగా ఉన్నది కొత్తది. పీలగా ఉన్నది మావాడి ఏడాది జీతం.

వాడు ఏమీ మాట్లాడలేదు. నాకు బాధనిపించింది. మర్నాడు ఇద్దరం కలిసి మూత తీశాం. ట్రాన్సిస్టర్లు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. వోల్టేజి నాలుగుకు కాస్త పైన. రెండో ట్రాన్సిస్టర్ కాళ్ళ దగ్గర 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి ఉంటుంది, కింది స్వరాలకు బలం ఇచ్చేది అదే. లోపల తడి రసాయనం ఉండే రకం. యాభై ఏళ్ళలో ఆ తడి ఆరిపోతుంది. ఒక కాలు విడదీసి కొలిస్తే ఏడు కూడా లేదు. మావాడు ఇన్నాళ్ళూ ‘పాతదనపు రుచి’ అని మురిసిపోయిన ఆ సన్నదనం ఎండిపోయిన కెపాసిటర్‌ది. 1967లో ఆ పెట్టె అలా పలికి ఉండదు.

కొత్త కెపాసిటర్ ఖరీదు డాలరు లోపే. కాని అది వేస్తే సేకర్తల లెక్కలో పెట్టె ‘అసలుది’ కాకుండా పోతుంది, అమ్మితే వచ్చే ధర బాగా పడిపోతుంది. వేయకపోతే అసలుదిగా ఉంటుంది గాని అసలు ధ్వని ఉండదు. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని వాడివైపు చూశాను. చాలాసేపు ఆ పెట్టెను అటూఇటూ తిప్పి చూశాడు. “అమ్మడానికి కొనలేదుగా నాన్నా, మార్చెయ్” అన్నాడు.

మార్చాం. తీసిన కెపాసిటర్‌ను చిన్న కవర్లో పెట్టి, తారీఖు రాసి, పెట్టె లోపలే బ్యాటరీ పక్కన టేపుతో అతికించాడు. సాయంత్రం వాల్యూం తగ్గించి వాయిస్తే మా ఆవిడ వంటింట్లోంచి “ఆ కొత్తది ఇంకా ఇవ్వలేదా వాళ్ళకి?” అని అడిగింది. అది రెండు రోజుల క్రితమే ఇచ్చేశాం. జూలై పిక్నిక్‌కు మాత్రం ఇప్పటికీ కూలర్‌లో ఒక మూల దానికోసం ఖాళీ ఉంచుతాం.